మూడో పిలుపు

కాలవ లాకుల దగ్గర మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ గురించి ఎవరిని అడిగినా ఒకటే మాట — చీకటి పడ్డాక అటు పోకండి. లోపల ఒకతె ఉంది. పిలుస్తుంది... రెండుసార్లే. మూడోసారి కూడా పిలిస్తే మనిషి. పిలవకపోతే — అదే.

ఈ లెక్క ఊరికి నేర్పినవాడు గంగరాజు. చేపల వేటంటే బద్ధకం, దెయ్యాల వేటంటే హుషారు. వాడి అక్క రత్తమ్మ కూతురు వీరదుర్గ పదమూడేళ్లది. రోజూ పొద్దున్నే తలపోటు, వాంతులు, తూలుతూ నడక. "ఫ్యాక్టరీది పట్టింది" అని తేల్చాడు. వేపమండలతో బాదాడు. నిమ్మకాయలు కోశాడు. రత్తమ్మ ఒళ్లు మండి పిల్లని పెద్దాసుపత్రికి తీసుకుపోతే, "తల కోశాక బతుకుతారా? పిల్ల పోయినట్టే!" అని ఊరంతా చాటాడు.

రెండు నెలలైంది. రత్తమ్మ వాడి ఫోనెత్తలేదు.

ఆ వేళ సందె చీకట్లో కరెంటు పోయింది. గంగరాజు సైకిలు మీద లాకులు దాటాడు...

ఫ్యాక్టరీ గోడ పక్కన — ఎవరో.

గుండు. ఎముకల గూడు. గోడ పట్టుకుని, తూలుతూ... ఒక అడుగు. ఆగి... ఇంకో అడుగు.

ఆ నడక వాడికి తెలుసు. సైకిలు గట్టు మీద పడింది.

"మా...వయ్యా..."

ఒకటి.

"మావయ్యా..."

రెండు. ఊపిరి బిగబట్టాడు. మూడోది... రాలేదు. నోరు తెరుచుకునే ఉంది. పెదాలు కదులుతున్నాయి... మాట లేదు.

చేతికి ఇటుక దొరికింది. ఆ గుండుకే గురిపెట్టి చెయ్యెత్తాడు —

"మా... మా... మావయ్యా!"

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

పిల్ల వెనక, మలుపులో ఆటో దిగి సంచులు మోసుకొస్తున్న రత్తమ్మ టార్చి వాడి మొహం మీద వేసింది.

"ఆ ఇటుక పడెయ్యరా ముందు! ఆపరేషనయ్యాక నెల రోజులు దానికి మాటే లేదు. ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటోంది. నీ లెక్క ప్రకారం గబగబా పిలవాలా?"

"అక్కా... పిల్ల... బతికే ఉందా?"

"నీ చేతిలో చావలేదుగా. ఉన్నట్టే."

పిల్లని వెనక్కి తిప్పి టార్చి వేసింది. తల వెనక నుంచి మెడ దాకా, వల చిరుగు కుట్టినట్టు, నిలువునా కుట్ల మచ్చ.

"లోపల నిమ్మకాయంత గడ్డరా. నువ్వు బుట్టెడు కోశావు. డాక్టరమ్మ ఒక్కటే కోసింది."

గంగరాజు సైకిలెత్తుకుని పరుగు. వెనక నుంచి వీరదుర్గ మళ్లీ పిలిచింది... నవ్వుతూ.

నాలుగో పిలుపుకి ఏం చెయ్యాలో వాడి లెక్కలో లేదు.