పగలు నిద్రపోయే ఇల్లు

ఆ ఇంట్లో పప్పు ఎప్పుడూ మూత పెట్టిన గిన్నెలోనే ఉడుకుతుంది. కుక్కర్ లేక కాదు. ఊరి నుంచి తెచ్చినది అల్మరా మీద అట్టపెట్టెలో అలాగే ఉంది. కూత వేసే వస్తువుకు ఆ ఇంట్లో చోటు లేదు. ఆ గురువారం ఉదయం కూడా గంగామణి గిన్నె మూతను గుడ్డతో పట్టుకుని ఎత్తి, గట్టు మీద కాకుండా మడత పెట్టిన తువాలు మీద పెట్టింది. గరిటె అంచుకు తగలకుండా కలపడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య అయిపోయింది.

ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లోని ఆ పాత విల్లాను యజమాని చెక్క గోడలతో వాటాలు చేసి కుటుంబాలకు అద్దెకిచ్చాడు. గ్యాసు పుణ్యమా అని ఆ గల్ఫు దేశమంతా రాత్రీ పగలూ తేడా లేకుండా పనిచేస్తున్న రోజులవి. ఏ వీధి చివర చూసినా క్రేన్లే. గంగామణి భర్త జలంధర్ ఊరికి దూరంగా ఉన్న రాస్ లఫాన్‌లో ఒక గ్యాస్ ప్లాంటులో ఆపరేటర్. నెలలో సగానికి పైగా రాత్రి డ్యూటీయే. ఉదయం కంపెనీ బస్సు దిగి, నాలుగు ముద్దలు తిని, నల్ల పరదాలు లాగిన గదిలో పడుకునేవాడు. సాయంత్రమయ్యేసరికి మళ్ళీ అదే బస్సు.

వచ్చిన కొత్తలో ఒకనాడు గంగామణి చేతిలోంచి కంచం జారి పడింది. జలంధర్ ఉలిక్కిపడి లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మళ్ళీ కన్ను మూతపడలేదు. ఆ రాత్రే ప్లాంటులో ఆవిరి తగిలి అతని ముంజేయి కాలింది. కంచానికీ ఆవిరికీ సంబంధం ఉందని ఎవరూ అనలేదు. గంగామణి ఒక్కతే మనసులో ఆ రెంటినీ ముడివేసి, ఆ ముడిని ఎవరికీ చూపకుండా దాచుకుంది. ఆనాటి నుంచి అతను పడుకోగానే చంటిపిల్ల రజితను చంకనేసుకుని బయటికి వెళ్ళిపోయేది. పిల్ల బడికి పోయే ఈడు వచ్చినా ఆ తిరుగుడు మానలేదు. ఎండలు ముదిరితే మాల్ వరండాల్లో, చలికాలం కోర్నిష్‌లో సముద్రం పక్కన. నడక ఎప్పుడు పరుగైందో ఆమెకే గుర్తులేదు. నలభై నాలుగేళ్ళ వయసులో, సల్వార్ కమీజు కింద బూట్లు తొడుక్కుని, ఎవరినీ గెలవాలన్న కోరిక లేకుండా ఆమె పరుగెత్తేది.

ఆమె పేరును శుక్రవారం జరిగే ఐదు కిలోమీటర్ల పరుగులో చేర్పించింది పక్క వాటాలోని రఫియా. బోధన్ నుంచి వచ్చిన మనిషి. ఆమె గుసగుసలాడినా వీధి చివరికి వినిపిస్తుంది.

"అక్కా, రేపు పొద్దుగాల ఏడింటికి. బావకు చెప్పినవా?" అని పెరటి గోడ దగ్గర అడిగింది.

"ఎప్పుడు చెప్పాలె రఫియా? వచ్చినప్పుడు నిద్ర మొఖం, పోయినప్పుడు బస్సు మొఖం."

"అయితె ఇగ చెప్పే పనిలేదు. మా ఇంటాయన నిసార్ నిన్న డ్యూటీ దిగి వస్త వస్త ప్లాంటు గేటు కాడ చెప్పేసిండట. ఆయన నోట్ల నువ్వుగింజ నానదు."

గంగామణికి ఉదయం భర్త ముఖం గుర్తొచ్చింది. తిన్నంతసేపూ తలెత్తలేదు. అలసట అనుకుంది. అలసటకూ అలకకూ తేడా తెలియనంతగా ఆ ఇంట్లో మాట కరువైంది.

సాయంత్రం నాలుగింటికి జలంధర్ లేచాడు. చాయ్ గ్లాసు పట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు. పన్నెండో తరగతి చదువుతున్న రజిత పరదాకు అవతల పుస్తకం ముందేసుకుని ఉంది.

"రేపు ఉరుకుతున్నవట."

"రఫియా పేరిచ్చింది. వద్దంటె పోను."

"వద్దని నేననలే. మన ఇంటి ముచ్చట గేటు కాడ నిలబడి మంది నోట ఇన్న. అంతే." గ్లాసు కింద పెట్టాడు. "సూపర్‌వైజర్‌తోటి మాట్లాడిన. ప్లాంటుకు దగ్గర, అల్ ఖోర్‌ల ఉన్న పనోళ్ళ క్యాంపుల నాకు మంచం ఇస్తరట. పిల్ల పరీక్షలైనంక మీరిద్దరు మన ఊరు మెట్‌పల్లి పోండ్రి. బస్సుల కూసోని కూసోని నా నడుము గుడ పోయింది."

గంగామణి మంచం ముందుకు వచ్చి నిలబడింది. "ఇంతోటి పరుగుకు సంసారమే ఎత్తేస్తవా?"

"పరుగు సంగతి కాదు." అతని గొంతులో కోపం లేదు. కోపానికి కావలసిన ఓపిక కూడా ఉన్నట్లు లేదు. "నేను పండంగనే నువ్వు పోతవు. నాకు ఎరుక లేదనుకున్నవా? గడియ సప్పుడుగాకుండ ఎట్ల తీస్తవో, చెప్పులు చేతుల పట్టుకొని గడప ఎట్ల దాటుతవో, అన్నీ ఎరుకే. నువ్వు పోయినవని తెలిసినంకనే నాకు నిద్ర పడ్తది. ఎన్నేండ్ల సంది ఇదే కత. ఇంట్ల నేనుంటె నీకు పొసగదు. నోటితోటి చెప్పలే, కాళ్ళతోటి చెప్పినవు."

ఆ గదిలో గంగామణికి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"నీ నిద్ర కోసమే పోయిన. నీ నిద్ర చెడగొడ్తె ఏమైతదో ఒకపారి చూసిన. ఆ చెయ్యి నా వల్లనే కాలింది."

జలంధర్ తన ముంజేతి మీది పాత మచ్చ వైపు చూసుకున్నాడు. "నీ వల్లనా?"

"ఆ దినం కంచం పడేసిన గద."

"ఏ కంచం?"

ఇన్నేళ్ళుగా గంగామణి మోసిన బరువు అతనికి జ్ఞాపకం కూడా లేదు.

"పైపు కాడ ప్యాకింగ్ పోయి ఆవిరి తన్నింది," అన్నాడతను నెమ్మదిగా. "నాతోటి ఇంకిద్దరికి కాలింది. ఒకడు నేపాలీ, ఒకడు కేరళాయన. వాళ్ళ ఇండ్లల్ల గుడ కంచాలు పడ్డయా?"

పరదా కదిలింది. రజిత గుమ్మంలో నిలబడి తల్లినే చూస్తోంది. "నన్ను ఏనాడు గట్టిగ నవ్వనియ్యలే నువ్వు. నవ్వొస్తె నోరు మూసేదానివి. బాపుకు నా నవ్వంటె పడదనుకున్న, ఇన్నొద్దులు."

జలంధర్ కూతురి వైపు చూసి ఏదో అనబోయాడు. బయట బస్సు హారన్ మోగింది. రాస్ లఫాన్ బస్సు ఎవరి కోసమూ ఆగదు. అతను సంచీ అందుకుని, వెళ్ళిపోయాడు.

శుక్రవారం తెల్లవారుజామున గంగామణి వెళ్ళనని మొండికేసింది. "ఎందుకుర్కాలె? ఎవరి నిద్ర కాపాడాలె ఇంక?" రఫియా సమాధానం చెప్పకుండా నంబరు గుడ్డను ఆమె కమీజుకు పిన్నీసులతో గుచ్చింది. "ఒక్కనాడు నీ కోసం ఉర్కు అక్కా. అది గుడ అలవాటు కావాలె." రజిత తల్లి బూట్ల దారాలు బిగించి కట్టింది.

కోర్నిష్ మీద జనం. స్తంభాలకు కట్టిన మైకులు అరబ్బీలో, ఇంగ్లీషులో చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. నలభై దాటిన ఆడవాళ్ళది వెనక వరుస. పరుగు మొదలయ్యాక ఫిలిప్పీన్స్ నర్సులు, పొడుగు కాళ్ళ తెల్ల దొరసానులు ఆమెను దాటుకుని పోయారు. గంగామణి కాళ్ళు సీసపు గుండ్లయ్యాయి. అది పరుగు వల్ల వచ్చిన అలసట కాదు. ఏళ్ళ తరబడి మునివేళ్ళ మీద నడిచిన ఒళ్ళు ఇప్పుడు ఒక్కసారిగా లెక్క అప్పజెప్పుతోంది. ఏ కంచం, ఏ కంచం అని ప్రతి అడుగూ అడుగుతోంది. మలుపు దగ్గర ఆమె ఆగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి ఏడ్చింది. నీళ్ళ సీసాలు పంచే మనిషి భయపడి, "సిస్టర్, కుర్చీ తెమ్మంటవా" అని హిందీలో అడిగాడు. వద్దని తల ఊపి మళ్ళీ కదిలింది. అక్కడ కూర్చుంటే ఇక లేవలేనని ఆమెకు తెలుసు.

ముగింపు గీత కనిపించేసరికి మైకు హోరులో జలంధర్ గొంతు తన పేరు పిలుస్తున్నట్లనిపించింది. తప్పుగా విన్నాననుకుంది. పెళ్ళయినప్పటి నుంచి అతను పదిమందిలో ఆ పేరు పలకలేదు. "రజితా" అని కూతురి పేరుతోనే తల్లినీ పిలిచే మనిషి.

"గంగామణీ, ఆగకు. ఇగ ఇంతనే ఉన్నది."

కంపెనీ నీలి దుస్తుల్లోనే, చేతిలో అన్నం డబ్బా సంచీతో, నిద్ర లేక నిప్పుకణికల్లా ఎర్రబడ్డ కళ్ళతో జలంధర్ తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన రజిత గొంతు చించుకుని అరుస్తోంది. ఆమెను ఎవరూ ఆపడం లేదు.

గంగామణి గీత దాటేసరికి వెనక మిగిలింది కొద్దిమందే. తాడు కింది నుంచి వంగి వచ్చి భర్త ముందు నిలబడింది.

"ఇంటికి పోయి పండక ఇక్కడికెందుకొచ్చినవు?"

"ఇంట్ల ఎవరున్నరు, పోయెటందుకు?"

"క్యాంపు?" అని అడగడానికి ఆమెకు ధైర్యం చాలింది.

"మంచం వద్దని చెప్పి వచ్చిన. సూపర్‌వైజర్ నవ్విండు, ఒక్క రాత్రికే మనసు మారిందా అని." అతను నేల చూపులు చూస్తూ, "నువ్వు నా కోసం పోతున్నవని నాకెట్ల తెలుస్తది? ఒక్కనాడన్న చెప్పకపోతివి," అన్నాడు.

"నువ్వు మెలకువగ ఉన్నవని నువ్వు చెప్పినవా?"

అతను సంచీ భుజాన వేసుకుని, రోడ్డు వైపు తిరిగి ట్యాక్సీకి చెయ్యెత్తాడు.

ట్యాక్సీలో రఫియా ముందు సీట్లో కూర్చుని డ్రైవరుకు దారి చెబుతూ, అతని పిల్లల వివరాలూ రాబడుతోంది. వెనక రజిత కిటికీ వైపు, జలంధర్ ఇవతలి వైపు, మధ్యలో గంగామణి. ఆమె ఎన్నడూ లేనంతగా మాట్లాడింది. నర్సుల పరుగు గురించి, నీళ్ళ సీసాల మనిషి కంగారు గురించి, మలుపు దగ్గర తాను ఏడ్చిన సంగతి గురించి. సిగ్నల్ దగ్గర బండి ఆగేసరికి జలంధర్ తల ఆమె భుజం మీదికి వాలింది. గంగామణి గొంతు దానంతటదే తగ్గి, ఆగిపోయింది. రజిత వైపు తిరిగి పెదవులపై వేలు పెట్టబోయింది.

"ఎందుకాపినవు?" అన్నాడు జలంధర్ కళ్ళు తెరవకుండానే. "నువ్వు మాట్లాడుతుంటెనే నిద్ర మంచిగ పడ్తుంది. చెప్పు."

గంగామణి కన్నీళ్ళు తుడుచుకోలేదు. గొంతు సవరించుకుని, ముందు సీటు దాకా వినిపించేలా, ఆపిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది.