ఎడమకు లాగే జీపు

పాల్వంచలో కంపెనీ క్వార్టర్ల గోడను ఆనుకుని జకర్యా మెకానిక్ షెడ్డు ఉంటుంది. షిఫ్టు బస్సులు వచ్చే వేళకు ఆ వీధంతా హడావుడి, అవి వెళ్ళిపోయాక మళ్ళీ మామూలే. ఆ ఏడు ఎండాకాలంలో అతని భార్య గ్రేస్ పోయింది. సమాధిలో మట్టి వేసి వచ్చిన మర్నాడే అతను షెడ్డు తాళం తీశాడు. ఏడవలేదు. దుఃఖం లోపలే దిగమింగుకున్నాడని జనం అనుకున్నారు. దిగమింగడానికి లోపల ఏమీ లేదని అతనికి తెలుసు. చెల్లెలు పంపిన అన్నం తినేవాడు. ఏం కూర అని అడిగితే చెప్పలేకపోయేవాడు. టీ వేడిగా ఉందో చల్లారిపోయిందో నాలుక చెప్పడం మానేసింది.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం కుర్ర డ్రైవరు షాలేమ్‌రాజు చర్చి జీపు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. ఆటోలు పోలేని అడవి తండాల నుంచి రోగులను భద్రాచలం దవాఖానాకు చేర్చే జీపు అది. చాలా పాతది. ఎక్కడో వేలంలో కొన్నారని చెప్పుకుంటారు. అంతకుముందు ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు.

"జకర్యన్నా, మళ్ళ గదే. ఎడమకు గుంజుతుంది. మూల తిరిగినప్పుడల్ల కింద డక్కుమంటది."

"మొన్ననే గద చక్రాల జాయింట్లన్నీ మార్చిన."

"అవ్. అయినా గట్లనే ఉంది. రోడ్డు మీద ఏమనదు. అడవిల వాగు కాడికి పోంగనే మొదలుపెడ్తది."

జకర్యా జాకీ వేసి ముందు చక్రం పైకెత్తాడు. పైనా కిందా పట్టుకుని ఊపాడు, అటూ ఇటూ పట్టుకుని ఊపాడు. కదలిక లేదు. బండి బరువు మోసే కమాన్ కట్టల కింద గునపం పెట్టి ఎత్తి చూశాడు. బుష్‌లు బిగువుగా ఉన్నాయి. బండి మీద తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

అంతలో షాలేమ్‌రాజు ఫోను మోగింది. తండా నుంచి ఆశా వర్కర్ సైదమ్మ. గొంతు పెద్దగా వినిపిస్తోంది.

"జమ్లికి నొప్పులు మొదలైనయి. బిడ్డ అడ్డం తిరిగినట్టుంది. జల్దీ రాండ్రి, ఆలస్యం చేస్తే ఇద్దరూ దక్కరు."

షాలేమ్‌రాజు ఫోను జేబులో పెట్టుకుని తల వంచుకున్నాడు. "నేనొక్కన్నే పోలేనన్నా. ఆ వాగు కాడ స్టీరింగ్ నా మాట ఇంటలేదు."

జకర్యా పానాల సంచి వెనక సీట్లో పడేసి ఎక్కి కూర్చున్నాడు. "పా. పోయేకాడనే చూద్దాం."

తారురోడ్డు దిగి అడవిలోకి మళ్ళేసరికి ఇంకా సాయంత్రం కాలేదు గాని, మబ్బు వల్ల టేకు చెట్ల కింద చీకటి పట్టేసింది. తడిసిన ఆకుల వాసన, బురద వాసన, వాటితోపాటు పొయ్యి ఆర్పినప్పుడు వచ్చే తడి పొగ లాంటి వాసన ఒకటి. పక్షులు అరవడం లేదు. వాన ఆకుల మీద పడుతూనే ఉంది.

డక్.

జకర్యా చెవి పెట్టి విన్నాడు. గుంతలో పడ్డప్పుడు వస్తే కమాన్ కట్ట. బ్రేకు వేసినప్పుడు వస్తే ఇంకొకటి. ఇది రెండూ కాదు. దారి చక్కగా ఉన్నచోట కూడా వస్తోంది. కాళ్ళ కింద, ఎవరో మడమతో తట్టినట్టు.

డక్... డక్.

వాగు దిగే మలుపు దగ్గర షాలేమ్‌రాజు బండి ఆపేశాడు. "చూసినవా, ఎట్ల గుంజిందో?"

"ఇంజన్ బందు చెయ్. నేను కిందికి పోయి జాయింట్లు పట్టుకుంట. నువ్వు సీట్ల కూసోని మెల్లగ తిప్పు. ఎక్కడ లూజుందో చేతికి తెలుస్తది."

షాలేమ్‌రాజు ఏదో అన్నాడు. వాన చప్పుడులో సరిగా వినబడలేదు. జకర్యా గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరాడు. ఒక్కో జాయింటు మీద చెయ్యి వేశాడు. ఇనుము చల్లగా ఉండాలి. ఉందో లేదో తెలియలేదు.

"తిప్పు."

చక్రాలు కదిలాయి. ఎడమకు, మళ్ళీ కుడికి. నిలబడి ఉన్న పాత జీపు స్టీరింగ్ తిప్పాలంటే భుజాలు నొప్పిపెడతాయి. ఇది మాత్రం నూనె రాసినంత సాఫీగా తిరుగుతోంది. ఈ కుర్రాడికి ఇంత బలం ఎక్కడిదని అతననుకున్నాడు.

"ఇంకనా?" పైనుంచి చిన్నగా వినబడింది.

"అవ్. ఇంక."

చెయ్యి ఒక జాయింటు నుంచి ఇంకో జాయింటుకు మార్చాడు. ఎక్కడా లూజు లేదు.

"ఎటు?"

"ఎడమకు."

ఎడమకు తిరిగింది. ఇంకా తిరిగింది. తిరగాల్సినదానికన్నా ఎక్కువ తిరిగింది. ఇనప కడ్డీకీ చట్రానికీ మధ్య అతని వేళ్ళు ఇరుక్కున్నాయి.

"ఆపు."

ఆగలేదు.

"ఆపమన్న గద."

చెయ్యి లాక్కున్నాడు. చూపుడువేలి గోరు నల్లబడి, పక్కనుంచి తోలు లేచిపోయింది. రక్తం వాన నీళ్ళలో కలిసి మణికట్టు దాకా జారింది. నొప్పి ఏమీ లేదు. వేరెవరి చేతినో చూస్తున్నట్టు దాన్నే చూస్తూ పడుకున్నాడు.

అప్పుడు బండి కింద నుంచి అతనికి రెండు కాళ్ళు కనబడ్డాయి. మోకాళ్ళ దాకా ప్యాంటు మడిచి, బురద కాళ్ళతో, వాగు వైపు నుంచి ఎవరో నడిచి వస్తున్నారు.

"అన్నా, నీళ్ళు నడుము దాక లేవు. దాటొచ్చు." షాలేమ్‌రాజు గొంతు. "లోతు చూసొస్తనని చెప్పిపోయిన గద, ఇన్లేదా?"

చక్రాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఎడమకు... కుడికి... ఎడమకు...

జకర్యా పెదవులు విప్పాడు. "చాలు."

కదలిక ఆగిపోయింది.

బయటికి పాక్కుంటూ వచ్చి చూశాడు. డ్రైవరు సీటు ఖాళీ. తలుపు మూసే ఉంది. భయపడాల్సిన చోటు ఇదేనని అతనికి తెలుసు. గుండె దడదడలాడాలి, ఒళ్ళు చల్లబడాలి. ఏమీ రాలేదు. పైనుంచి "ఎటు?" అని అడిగిన గొంతును ఒక్కసారి మనసులో మళ్ళీ విన్నాడు. ఆడమనిషి గొంతు. గ్రేస్ గొంతు మాత్రం కాదు. ఆ సంగతి తెలిశాక కొంచెం నిరాశ లాంటిది కలిగింది, అంతే.

"ఏమైందన్నా? గా రక్తమేంది?"

"ఏం లేదు. ఎక్కు. జమ్లి ఎదురుచూస్తుంటది."

బండి వాగులోకి దిగింది. నీళ్ళు తలుపు అంచు తాకాయి. నడిమధ్యకు రాగానే స్టీరింగ్ ఒక్కసారిగా ఎడమకు ఒరిగింది. ఎడమ పక్కనే మడుగు. నీళ్ళు అక్కడ సుడి తిరుగుతున్నాయి.

"అన్నా!"

జకర్యా తన చేతులు కూడా స్టీరింగ్ మీద వేశాడు. ఇద్దరు మగవాళ్ళు బలమంతా పెట్టి లాగినా అది ఎడమకే పోతోంది. ముందు చక్రం కింద రాయి జారింది. బండి ఒక పక్కకు వాలింది. షాలేమ్‌రాజు ప్రభువును పిలుస్తున్నాడు.

డక్... డక్... డక్...

"ఎటు?"

ఈసారి చెవి పక్కనే. ఊపిరి తగిలింది. దానికి వెచ్చదనం లేదు.

జకర్యా తల తిప్పలేదు. "కుడికి," అన్నాడు మెల్లగా.

స్టీరింగ్ వదులైంది. బండి కుడికి తిరిగి, రాళ్ళెక్కి, ఒడ్డు పట్టింది.

చాలా దూరం పోయాక షాలేమ్‌రాజు అడిగాడు. "ఎవరితో మాట్లాడినవన్నా?"

"నీతోనే."

"నేనేం అడగలే..."

జకర్యా వేలికి గుడ్డ చుట్టుకుంటూ బయటికి చూశాడు.

తండాలో జమ్లిని మంచం మీదే మోసుకొచ్చి జీపు వెనక పడుకోబెట్టారు. సైదమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. తిరుగు దారిలో వాగు దగ్గర బండి కిక్కురుమనలేదు. భద్రాచలంలో దవాఖానా మెట్ల దగ్గర స్ట్రెచర్ ఎక్కించారు. ఆపరేషను చేశారు. తల్లీ బిడ్డా దక్కారు. ఆడపిల్ల. సైదమ్మ బయటికొచ్చి ఏడుస్తూ నవ్వుతూ ఇద్దరి చేతులూ పట్టుకుంది. జకర్యా కూడా నవ్వినట్టు పెదవులు కదిపాడు.

మర్నాడు పట్టపగలు, వాన వెలిసి ఎండ కాస్తుండగా, జీపును షెడ్డులో పెట్టించుకున్నాడు. షాలేమ్‌రాజు లోపలికి రానన్నాడు. రోడ్డవతల టీ బండి దగ్గరే నిలబడ్డాడు.

ఇక విప్పనిది స్టీరింగ్ బాక్స్ ఒక్కటే. బోల్టుల మీద కంపెనీ రంగు పగలలేదు. జీపు పుట్టినప్పటి నుంచి దాన్ని ఎవరూ తెరవలేదన్నమాట. బిగుసుకుపోయిన బోల్టులను కిరోసిన్ పోసి, సుత్తితో కొట్టి, ఒక్కొక్కటే వదులు చేశాడు. మూత లేచింది. లోపల గేరు ఆయిల్ చిక్కగా, నల్లగా ఉంది.

ఆయిల్ మీద కనకాంబరాల దండ తేలుతోంది.

పొద్దున్నే కోసి కట్టినట్టుంది. ఒక్క రేకు వాడలేదు. ఒక్క రేకుకు ఆయిల్ అంటలేదు. సగం దాకే కట్టి ఉంది. మిగతా దారం ఆయిల్‌లోకి దిగి, స్టీరింగ్ కడ్డీ వెంబడి పైకి, దాని గొట్టం లోపలికి పోతోంది. అందులో సన్న దారం పట్టేంత సందు కూడా లేదు.

జకర్యా ఆ దారం కొస పట్టుకున్నాడు. తడిగా తగిలింది. చల్లగా తగిలింది. ఎన్నాళ్ళ తర్వాతో వేలి గోరులో నొప్పి సుర్రున లేచింది. వెనక్కి తిరిగి షాలేమ్‌రాజును పిలవాలనుకున్నాడు. దారం మాత్రం వదల్లేదు.

మెల్లగా లాగాడు. కొంచెం దారం వచ్చింది.

అవతలి నుంచి ఎవరో, అంతే మెల్లగా, వెనక్కి లాక్కున్నారు.