జనరల్ గొంతు

"కొంచెం నవ్వండి సార్" అన్నాడు ఫోటోగ్రాఫర్. జనరల్ నవ్వాడు. కెమెరా లెన్సులోంచి రెండు బుల్లెట్లు దూసుకొచ్చాయి. ఒకటి జనరల్ గుండెలో దిగింది. రెండోది వెనక గోడ మీది మ్యాపును చీల్చింది. మూడోది రాకముందే తలుపు దగ్గరున్న ఏజెంట్ ఫోటోగ్రాఫర్ మెడ విరిచేశాడు.

ఆ ఏజెంటును డిపార్ట్‌మెంటులో 'కత్తెర' అంటారు. ఒకప్పుడు సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో పనిచేశాడు. తీగ కనిపిస్తే చాలు, అతని చేతులు ఊరుకోవు.

మంత్రిగారు సోఫా వెనక నుంచి తల బయటపెట్టారు. "కొంప మునిగింది! ఇక యుద్ధం ఎవరు నడుపుతారయ్యా?"

జనరల్ శవం పక్క నుంచి డిప్యూటీ లేచాడు. లావుపాటి మనిషి, పేపర్లో ఒక్కసారి కూడా ఫోటో పడని మనిషి. చేతుల నెత్తురు చొక్కాకి తుడుచుకుని వాచీ చూశాడు. "మూడూ పదకొండు. కమాండ్ నాది."

"అంతేనా?" మంత్రిగారు నోరెళ్లబెట్టారు.

"అంతే సార్. ఈ వార్త మాత్రం గది దాటకూడదు."

మంత్రిగారిని అని ఏం లాభం? రోజూ రేడియోలో 'జనరల్ ఆజ్ఞాపించారు' అని వింటూ ఉంటే, ఆయనే ప్రతి సిపాయి చెవిలో ఊదుతున్నాడని ఎవరైనా అనుకుంటారు.

ఫోటోగ్రాఫర్ జేబులో ఒక చీటీ దొరికింది. 'నాలుగింటికి, టెలిఫోన్ ఎక్స్ఛేంజ్.'

"అక్కడ మన మనిషి ఉంది. వెళ్లు" అన్నాడు డిప్యూటీ కత్తెరతో.

ఆ మన మనిషి రేడియోలో వార్తలు చదివే అందగత్తె. రెండేళ్లుగా శత్రువుల రహస్యాలు చేరవేస్తోంది. లైన్‌మన్ వేషంలో వచ్చిన కత్తెరకు ఎక్స్ఛేంజ్ గుమ్మంలోనే ఎదురైంది.

"గొడుగు తెచ్చారా?" అంది.

"వాన వెలిసింది."

కోడ్ సరిపోయింది. ఆ వెంటనే వెనక నుంచి నెత్తి మీద దెబ్బ పడింది.

కళ్లు తెరిచేసరికి కుర్చీలో ఉన్నాడు. కుడిచెయ్యి టెలిఫోన్ తీగతో వెనక్కి కట్టి ఉంది. ఎడమచెయ్యి బల్ల మీద, బండోడొకడి గుప్పిట్లో ఉంది. వాడి రెండో చేతిలో సుత్తి. ముగ్గురు ఆపరేటర్లు స్విచ్‌బోర్డుల మీదే తలలు వాల్చి చచ్చిపడి ఉన్నారు.

ఆమె టేప్ రికార్డర్ మీద చెయ్యి వేసింది. "జనరల్‌ని నేను చేసిన ఇంటర్వ్యూలన్నీ ముక్కలు కోసి అతికించాను. కాదనడానికి ఆయన లేడు. నాలుగూ పావుకి గాయపడ్డవాళ్ల రైలు వంతెన ఎక్కుతుంది. పన్నెండొందల మంది. శత్రువు వస్తే పేల్చాలని వంతెన కింద మీరే మందు పెట్టారుగా? ఆ మీట మీ కెప్టెనే నొక్కుతాడు."

ఆ కెప్టెన్ కత్తెర సొంత తమ్ముడు.

ఆమె లైను కలిపి టేప్ తిప్పింది. "జనరల్‌ని మాట్లాడుతున్నాను. వంతెన పేల్చెయ్. ఇది నా ఆర్డర్."

స్పీకర్లో తమ్ముడి గొంతు వినిపించింది. "'వంతెన పేల్చెయ్.' విన్నాను సార్. కానీ అది మా మేజర్ గారి ద్వారా రావాలి సార్." ఫోన్ పెట్టేశాడు.

ఆమె మొహం కందగడ్డలా అయింది. "జనరల్ చెప్తే వినడా? మరి ఎవరి మాట వింటాడు?"

సుత్తి చిటికెన వేలి మీద పడింది. అబద్ధం చెబితే ఒక్క ఫోన్‌తో తేలిపోతుంది. నిజం చెబితే కాలం గడుస్తుంది.

"మేజర్!" అని అరిచాడు కత్తెర.

మేజర్ కూడా ఆర్డరును పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పాడు. కల్నల్ గారి ద్వారా పంపమన్నాడు. ఉంగరం వేలు నలిగింది. కల్నల్ బ్రిగేడియర్‌ను అడగమన్నాడు. నడిమి వేలు విరిగింది. ఈలోగా వెనక కట్టిన కుడిచెయ్యి, చొక్కా మడతలో కుట్టిన బ్లేడుతో తీగను కోస్తూనే ఉంది.

"ఇదేం సైన్యం!" అందామె. "పైవాడంటే లెక్కలేదా?"

"ఉంది. ఒక్క మెట్టు పైనున్నవాడంటేనే."

"బ్రిగేడియర్ పైన ఎవరు?"

"ఎక్స్‌టెన్షన్ ఏడు." ఇది మాత్రం వేలు విరక్కముందే చెప్పాడు.

టేప్ మళ్లీ తిరిగింది. అవతలి నుంచి డిప్యూటీ గొంతు తాపీగా వినిపించింది. "సార్, మీ కళ్లు నేనే మూశాను. ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నారు?"

ఆమె ఫోన్ విసిరికొట్టింది. కానీ తెలివైన మనిషి. ఒక్క క్షణం ఆగి నవ్వింది. మేజర్ అప్పజెప్పిన మాట, ఫోన్లన్నీ ఎక్కిస్తున్న రెండో టేపులో రికార్డయింది. 'వంతెన పేల్చెయ్.' మేజర్ సొంత గొంతు! చకచకా ముక్క కోసి, తమ్ముడి లైను కలిపింది. గోడ గడియారంలో నాలుగూ పద్నాలుగు.

తీగ తెగింది. కత్తెర బ్లేడును బండోడి గొంతులో దించి, వాడి చేతిలోని సుత్తి లాక్కున్నాడు. ఆమె పిస్టల్ పేల్చింది. బుల్లెట్ అతని భుజం చీల్చుకుపోయింది. స్పీకర్లో మేజర్ గొంతు మొదలైంది. "వంతెన పే..."

మొదటి దెబ్బకి టేప్ రికార్డర్ పగిలింది. రెండో దెబ్బకి ఆమె కణత పగిలింది. ఆమె మళ్లీ లేవలేదు.

లైను ఇంకా తెగలేదు. కత్తెర నెత్తురోడుతూ రిసీవర్ అందుకున్నాడు. "ఒరేయ్, నేనురా! రైలు దాటిందా?"

"అన్నయ్యా? ఇవాళ ప్రతివాళ్లూ నాకే ఫోన్ చేస్తున్నారేంటి? రైలు సంగతి కావాలంటే మా మేజర్ గారి ద్వారా అడుగు." ఠక్కున పెట్టేశాడు.

కానీ ఆ మాటల వెనక వంతెన మీద చక్రాల చప్పుడు, పెట్టె తర్వాత పెట్టె, కత్తెరకు స్పష్టంగా వినిపించింది. శవాల మధ్య కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. మధ్యలో నవ్వు కూడా వచ్చింది.

తర్వాత కళ్లు తుడుచుకుని, విరగని వేళ్లతో మేజర్ లైను కలిపాడు.