నల్ల అంచులో నా ఫొటో

నన్ను చంపింది నెవెన అని మా స్లివెన్ ఊరంతా అంది. అబద్ధం. నన్ను చంపింది మీరు. రాజధాని సోఫియాలో ఐదో అంతస్తు ఆఫీసుల్లో కూర్చుని, కొత్తవాడి రాతప్రతిని ఏడాదిన్నర బల్ల కింద తొక్కిపెట్టి, చివరికి "బాగుంది, కానీ" అంటూ ఉత్తరం రాసే ప్రచురణకర్తలు, మీరు. ఆ "కానీ" వెనక మీరేమడిగారో, దానికి నేనెంత వణికానో, ఒక అమ్మాయి నన్నెలా బతికించిందో రాస్తున్నాను. నాకు నగిషీలు చేతకావు. ఎనిమిదో తరగతితో బడి మానేసి మిల్లులో మగ్గాలకు నూనె పోసినవాణ్ణి. నా పేరు స్తోయిల్.

నెవెనను మొదటిసారి చూసింది మార్చి వానలో. నవల మూడు కాపీలు తీయించి సోఫియాకు పంపాలని, పెన్ డ్రైవ్ తడవకుండా గుప్పిట్లో బిగించి, బస్టాండు పక్కనున్న ఆమె ప్రింటింగ్ షాపులోకి దూరాను. గోడ నిండా చావు కాగితాలు. నల్ల అంచు, మధ్యలో ఫొటో, కింద పేరూ వయసూ. మనిషి పోతే ఆ కాగితం ఇంటి గుమ్మానికీ, బస్టాపుకీ, పనిచేసిన చోటి గేటుకీ అంటించాల్సిందే. షాపు బతికేది వాటి మీదే.

ఆమె కాపీలు తీస్తూ చదవసాగింది. వందో పేజీ దగ్గర నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. నవ్వేంత ఏముందని అడిగాను.

"మీ నవల్లో ఎవరూ తిండి తినరా?" అంది. "నలభై మంది ఆడవాళ్ళు ఎనిమిది గంటలు మగ్గాల దగ్గర నిలబడ్డారు. ఒక్కరూ టిఫిన్ డబ్బా మూత తీయలేదు. ఆకలికి పోతారు పాపం. ఆ కాగితాలూ నేనే వేయాలి."

"మీ పని అచ్చు వేయడం. చదవడం కాదు."

"చదవకుండా వేస్తే తప్పులు ఎవరు పట్టుకుంటారు, మీ తాతయ్యా?"

కస్టమర్లు ఇదంతా భరిస్తున్నారా అని అడిగాను. ఇంతవరకూ ఒక్క కస్టమరు కూడా లేచొచ్చి గొడవపడలేదని ఆమె జవాబు. కాపీలు తీసుకోకుండా వానలోకి నడిచాను. సగం దారిలో తెలిసింది, గొడుగు అక్కడే మరిచిపోయానని. దాని కోసం వెనక్కి వెళ్తే ఇంకా నవ్వుతుందని తడుస్తూ ఇంటికి పోయాను.

వారం తిరక్కుండా ఒక కొత్త అధ్యాయం రాసి తెచ్చాను. అందులో ఆడవాళ్ళు డబ్బాలు విప్పుతారు, మిరపకాయ కూరలు మార్చుకుంటారు, ఒకళ్ళ కోడలి మీద ఇంకొకళ్ళు చాడీలు చెప్పుకుంటారు. నెవెన చదువుతూ చదువుతూ నేను తెచ్చుకున్న బనిత్సా రొట్టె సగం తినేసింది, జున్ను ఉన్న సగమే. అప్పుడు గాని నవల సోఫియాకు వెళ్ళలేదు. ప్రతి గురువారం ఏదో ఒక సాకుతో నేను షాపుకు వెళ్ళడం కూడా అప్పుడే మొదలైంది. ఆమె యంత్రం మీదికి వంగి ఉండగా చెవి వెనక నుంచి జారిన జుట్టుకు సిరా అంటుకునేది. తుడవమని చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. "ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నావు కదా, ఇంకో రోజు చూడు," అంది. "మీరు" పోయి "నువ్వు" వచ్చింది ఆ రోజే.

ఇక నవలలోని పన్నెండో అధ్యాయం సంగతి. మా నేత మిల్లులో వెనక తలుపుకు షిఫ్టు జరుగుతున్నంతసేపూ గొలుసు వేస్తారు. ఆడవాళ్ళు బయటికెళ్ళి సిగరెట్టు తాగకూడదట. మూడేళ్ళ కిందటి చలికాలం దూదిపొడికి నిప్పంటుకుంది. జనం ఆ తలుపు మీద పడ్డారు. ఇద్దరికి ఆ గొలుసు పట్టుకునే చేతులు కాలాయి. మంట ఆరింది కాబట్టి ఎవరూ పోలేదు. మర్నాడు యజమాని చేసిన మరమ్మతు ఒక్కటే, కొత్త గొలుసు. అదే రాశాను. మా అమ్మ పెనా అప్పటికీ ఆ తలుపుకు పది అడుగుల దూరంలోనే నేసేది.

మరుసటి ఏడు సెప్టెంబరులో మీ ఉత్తరం వచ్చింది. పుస్తకం వేస్తారట. పన్నెండో అధ్యాయం మాత్రం తీసేయాలట, మిల్లువాళ్ళు కోర్టుకెక్కుతారని. బయటికొచ్చేది రెండేళ్ళ తర్వాత. హక్కులు పదేళ్ళు మీవి, అంతవరకు నా నవల నేనే అచ్చు వేసుకోకూడదు. ఉత్తరంతో పాటే వచ్చిన ఒప్పందం మీద శుక్రవారంలోగా సంతకం.

నిజం చెప్తున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది. మీ పేరున్న పుస్తకం ఒక గోడ. దాని వెనక దాక్కోవచ్చు. సొంతంగా వేసుకుంటే నేషనల్ లైబ్రరీ నుంచి పుస్తకానికి నంబరు తెచ్చుకుని, రచయిత చోటా ప్రచురణకర్త చోటా నా ఒక్క పేరే రాసుకోవాలి. రేపు ఎవరైనా తలుపు తడితే అడ్డం వెళ్ళడానికి ఇంకొకడు ఉండడు. మూడు వందల కాపీలు తానే వేస్తానని నెవెన ముందునుంచీ అంటూనే ఉంది. ఆ సాయంత్రం ఉత్తరం ఆమె చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివింది.

"ఆ అధ్యాయం తీసేస్తే మిగిలేది ఏంటి స్తోయిల్? మిరపకాయ కూర."

"వాళ్ళు పెద్దవాళ్ళు. వాళ్ళకు తెలుసు."

"వాళ్ళకు భయం. నీకూ భయం. రెండు భయాలు కలిసి పెళ్ళాడుతున్నాయి."

నాకు తగలాల్సిన చోటే తగిలింది. అందుకే నోటికొచ్చింది అనేశాను. "నీ యంత్రానికి చచ్చినవాళ్ళను వేయడమే వచ్చు. బతికున్నవాడి పుస్తకం దానికేం తెలుసు?"

ఆమె ఉత్తరాన్నీ ఒప్పందాన్నీ కలిపి నాలుగు మడతలు పెట్టి నా జేబులో పెట్టి, యంత్రం ఆపేసి, తలుపు తెరిచి పట్టుకుంది. అంత మర్యాదగా నన్నెవరూ ఎప్పుడూ గెంటలేదు.

మంగళవారం మిల్లు కాపలాదార్ల పెద్ద మా ఇంటి ముందు కారు ఆపాడు. దిగలేదు. అద్దం దించి, "మీ అబ్బాయి ఏదో రాస్తున్నాడటగా పెనా, ఎంతవరకూ వచ్చింది?" అని నవ్వుతూ అడిగి పోయాడట. అమ్మ ఆ మాట చెప్తూ ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తి చప్పుడు ఒక లయలో పడటం లేదు. తెలియని నంబరు ఒకదాన్నుంచి నా ఫోనుకు నాలుగు కాల్స్ వచ్చాయి. ఐదోది రాకముందే ఫోను ఆపేశాను.

బుధవారం సిగ్గు చంపుకుని షాపుకు వెళ్ళాను. క్షమించమన్నాను. ఒక ఒప్పందం చేసుకుందామన్నాను. పుస్తకం వస్తోందని ఆమె ఒక కాగితం వేసి ఊళ్ళో అంటించాలి. శుక్రవారం మధ్యాహ్నానికి కావాలంటూ యాభై మంది పేర్లిస్తే ఆమె దగ్గరే వేస్తాను. లేదంటే సోఫియాకు సంతకం. యాభై మంది రారనే నా నమ్మకం. రాకూడదనే నా కోరిక. అది కూడా ఆమెకు తెలుసనుకుంటాను. సరేనంది, నా మొహం వైపు చూడకుండా. నేను ఊళ్ళో ఉండలేక, ద్రాక్ష కోతకు సాయం అనే సాకుతో పక్క ఊళ్ళో స్నేహితుడి తోటకు పారిపోయాను.

అక్కడా నిలవలేక గురువారం పొద్దున్నే తిరుగు బస్సెక్కాను. డ్రైవరు నన్ను చూశాడు, టిక్కెట్టు ఇచ్చాడు, మళ్ళీ చూశాడు, గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. స్లివెన్‌లో దిగగానే బస్టాపు గోడ మీద నా మొహం. చుట్టూ నల్ల అంచు.

 బతికున్నవాడికి తెలియకుండా ఊరు వాణ్ణి పంపించేసిందా అనిపించింది. దగ్గరికి పోయి చదివాను. "స్తోయిల్ రాసిన మిల్లు ఆడవాళ్ళ నవల. కావలసినవారు షాపులో పేరివ్వండి." అంతే ఉంది. కానీ ఆ అంచు చూశాక కింద రాసింది మా ఊళ్ళో ఎవరు చదువుతారు? ఫొటో చూస్తారు, చిన్న వయసే అనుకుంటారు, నిట్టూర్చి పూలకొట్టుకు పోతారు.

ఇంటి ముందు ఇరవై మంది మిల్లు ఆడవాళ్ళు. ఆరు గంటలకు రాత్రి షిఫ్టు దిగి గేటు దగ్గర ఆ కాగితం చూసి, డ్యూటీ కోట్లతోనే వచ్చేశారు. ఒకామె అప్పటికే, పోయినవాళ్ళ పేరున పంచే గోధుమలు ఉడకబెట్టి తెచ్చింది. అమ్మ పక్క మగ్గం మీద నేసే దోన్కా అత్త చేతిలో ఆరు బంతిపూలు. నన్ను చూసి అందరూ వెనక్కి జరిగారు. దోన్కా అత్త నా బుగ్గ గిల్లింది. వెచ్చగానే ఉన్నానని తేలాక, గుత్తిలోంచి ఒక పువ్వు పీకి అవతల పారేసి మిగిలిన ఐదూ నా చేతిలో పెట్టింది. "సరి సంఖ్య పోయినవాళ్ళకి. నీకు ఐదు చాలు," అంది.

అమ్మ లోపల మంచం మీద కూర్చుని ఉంది. లేచొచ్చి చెంప మీద ఒక్కటి ఇచ్చింది. తర్వాత ఆ చెంపే రెండు చేతులా పట్టుకుంది. 

"గేటు దగ్గర నీ ఫొటో చూసి ఏమనుకున్నానో తెలుసా? కారులో వచ్చినవాడు చేసేశాడు అనుకున్నాను. జబ్బనుకోలేదురా. యాక్సిడెంటు అనుకోలేదు. సూటిగా అదే అనుకున్నాను."

 ఇన్నాళ్ళూ భయం నా ఒక్కడిదే అనుకున్నాను.

షాపుకు పరిగెత్తాను. అమ్మ నా వెనకే వచ్చింది, నెవెనను నిలదీయడానికి. నెవెన కాగితాలన్నీ పీక్కొచ్చి బల్ల మీద పడేసి, తెల్లబోయి కూర్చుంది. మేం నోరు తెరిచేలోగా షాపు ఫోను మోగింది. సోఫియా ఎడిటరమ్మ. నా ఫోను ఆపి ఉంది కాబట్టి రాతప్రతితో నేను పంపిన ఉత్తరం మీదున్న షాపు నంబరుకు చేసింది. నెవెన స్పీకరు నొక్కింది.

నేను పోయానని ఎవరో చెప్పారట, చాలా బాధపడ్డారట. ఒక నిమిషం బాధ అయ్యాక, సంతకం అయిపోయిందా అని ఆరా తీసింది. కాకపోతే తల్లిగారు చేసినా చెల్లుతుందట. పన్నెండో అధ్యాయం గురించి ఇక వాదించేవాళ్ళు లేరు కాబట్టి తీసేయడం తేలికట. పోయిన కార్మికుడి మొదటి నవల అంటే రెండేళ్ళు ఆగక్కర్లేదు, క్రిస్మస్‌కే తెచ్చేస్తారట.

"మేడమ్, నేను స్తోయిల్‌ని," అన్నాను. "ఇంకా పోలేదు."

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

"ఓహో," అంది చివరికి. "అయితే పాత షరతులే."

పెట్టేశాను. జేబులోంచి ఒప్పందం తీసి, నాలుగు మడతలతోనే చించాను. మందంగా ఉండి సాఫీగా కూడా చిరగలేదు.

అప్పుడు నెవెన నోరు విప్పింది. బల్ల వైపే చూస్తూ చెప్పింది. ఈ షాపు గది మిల్లు యజమానిదే. పుస్తకం ఇక్కడ అచ్చయితే ఖాళీ చేయిస్తాడని మొదటి రోజు నుంచీ ఆమెకు తెలుసు. నాకు చెప్తే దాన్నే సాకు చేసుకుంటానని చెప్పలేదు.

"కాగితం వేస్తున్నంతసేపూ ఒకటే అనుకున్నాను," అంది. "తర్వాత నీకు వేయాల్సింది నిజం చావు కాగితమే అయితే ఎలా అని. చెయ్యి దానంతటదే అంచు వేసేసింది. నాకు తెలియనే లేదు. నాకు నువ్వంటే అంత భయం స్తోయిల్."

"నేనంటే భయమా?"

"నువ్వు లేకపోతే అని భయం. వేరే మాట కావాలంటే అది నువ్వే రాసుకో, రచయితవి కదా."

రాసుకునే ఓపిక లేదు. నాకూ అంతే అని చెప్పాను. నువ్వు లేకుండా ఒక్క పేజీ కూడా వేయనని, బతకనని చెప్పాను. అమ్మ ముందే చెప్పాను. అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని, పేర్ల పుస్తకం తన ముందుకు జరుపుకుంది. మొదటి పేరు తనది రాసింది.

"నవల్లో నాకు మారా అని పేరు పెట్టావట. ఎందుకు? గొలుసు దగ్గర ఉన్నది నేనేగా. పెనా అనే వేయి." తర్వాత నెవెన జుట్టుకు అంటిన సిరాను తన కోటు అంచుతో తుడిచింది. "నా కోడలివి నువ్వే అయితే, ముందు ఆ యంత్రంలోంచి నల్ల అంచు తీసేయమ్మా."

నేను బతికే ఉన్నానన్న వార్తతో పాటు పుస్తకం సంగతీ ఊరంతా పాకి, సాయంత్రానికి డెబ్బై ఒక్క పేర్లు వచ్చాయి. మూడు వందల కాపీలూ వేశాం, పన్నెండో అధ్యాయంతో సహా. నెలాఖరుకు షాపు ఖాళీ చేయమని కాగితం వచ్చింది. యంత్రాన్ని మా వెనక గదిలోకి మార్చాం. అమ్మను రంగుల విభాగానికి తోశారు. కారు ఇప్పటికీ వీధి మలుపులో ఆగుతుంది. దాన్ని చూసిన ప్రతిసారీ నెవెన నా చెయ్యి పట్టుకుంటుంది. పట్టుకోకపోతే నేనే పట్టుకుంటాను. భయం పోలేదు. పోయిందని చెప్తే అబద్ధం అవుతుంది.

కానీ పుస్తకం ఉంది. అందులో నా పేరు రెండు చోట్లా ఉంది. దోన్కా అత్త పక్కనున్న తలుపుకు ఈ పొద్దున కూడా గొలుసు వేశారు. ఇక అడిగేది ఒక్కటే, బతిమాలి కాదు. మిల్లు యజమానీ, సోమవారం షిఫ్టు మొదలయ్యేలోగా ఆ గొలుసు తీయి. ఆ తలుపు తెరిచి ఉంచు.