మరదలి నడక

హైమావతి కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చేతుల పని చేతులు చేసుకుంటున్నాయి. తొడలు మాత్రం ఆమె ప్రమేయం లేకుండానే బిగుసుకుంటున్నాయి, వదులవుతున్నాయి, మళ్లీ బిగుసుకుంటున్నాయి. నుదుటి మీద చెమట పట్టింది. మనిషి అంగుళం కూడా కదల్లేదు.

"ఇప్పుడు మెట్లెక్కుతోంది," అంది.

స్క్రీన్ చూస్తున్న డాక్టర్ షహనాజ్ తలూపింది. నిజమే, సరిగ్గా ఆ క్షణంలో ఊరి అవతల పార్కులో హైమావతి మరదలు నీలవేణి మెట్లెక్కుతోంది. అక్కడ ఆవిడ నడుస్తుంటే ఇక్కడ ఈవిడకి ఆయాసం వస్తోంది. ఆ ఏడాది గుంటూరు జనం నోళ్లలో తెగ నానిన, ఇద్దరి తొడలకీ కట్టే జోడు పట్టీ మహిమ ఇదే.

సంగతేమిటో చెబుతాను, భయపడకండి, చివర్లో పరీక్షేమీ పెట్టను. మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. దాన్ని కండరాల్లోని కణాలు లోపలికి తీసుకోవాలి. వాటి తలుపు తట్టేది ఇన్సులిన్. ఒంట్లో కొవ్వు బాగా పేరుకున్నవాళ్లలో చాలామందికి ఆ తట్టడం లోపలికి సరిగా వినపడదు. ఇన్సులిన్ పాపం ఇంకా ఇంకా వచ్చి తడుతూనే ఉంటుంది, చక్కెర వీధిలోనే నిలబడి ఉంటుంది. ఇన్సులిన్ రెసిస్టెన్స్ అని డాక్టర్లు అనేది దీన్నే. అయితే కండరం ఒళ్లొంచి పనిచేసినప్పుడు ఒక చిత్రం జరుగుతుంది. ఎవరూ తట్టకుండానే అది దొడ్డి తలుపు తీసి చక్కెరని లోపలికి లాక్కుంటుంది. ఆ తరవాత ఒకటి రెండు రోజులు వీధి తలుపు తట్టినా బుద్ధిగా వినిపించుకుంటుంది. బరువు ఒక్క కిలో తగ్గకపోయినా ఇది జరుగుతుంది. చిక్కల్లా ఆ ఒకటి రెండు రోజుల దగ్గరే. పోయిన వారం నడిచిన నడక ఈ వారానికి పనికిరాదు.

మరి నడవలేనివాళ్లు ఏం కావాలి? హైమావతి ముప్ఫై ఏళ్లుగా బ్లౌజులు కుడుతోంది. కుట్టు మిషన్‌కి మోటారు వచ్చాక కాలు కదిపే పని కూడా పోయింది. ఒళ్లు పెరిగింది, మోకాళ్లు అరిగిపోయాయి, వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా రావాలంటే గోడ పట్టుకోవాలి. అలాంటివాళ్ల కోసమే షహనాజ్ ఈ పట్టీలు తయారుచేసింది. ఒక జత ఆరోగ్యంగా నడిచే మనిషి తొడలకి, ఒక జత కూర్చున్న మనిషి తొడలకి. వాళ్ల కండరాలు ఎలా లాగితే వీళ్లవి అలాగే లాగుతాయి. కరెంటుతో కండరాన్ని కదిలించే యంత్రాలు ముందే ఉన్నాయి గానీ వాటి దెబ్బ ఎప్పుడూ ఒకేలా పడేసరికి ఒళ్లు అలవాటుపడి పట్టించుకోవడం మానేసేది. బతికున్న మనిషి నడక ఏ రెండు పూటలా ఒకేలా ఉండదు. కిటుకంతా అక్కడే ఉందని షహనాజ్ నమ్మకం.

హైమావతికి షుగర్ భయం కన్నా పెద్ద భయం ఇంకొకటుంది. తమ్ముడు ధనుంజయకి రెండు కిడ్నీలూ పోయాయి. డయాలసిస్ మీద బండి లాగుతున్నాడు. భార్య నీలవేణి కిడ్నీ ఇస్తానంటే రక్తం కలవలేదు. అక్కది అన్నివిధాలా కలిసింది. కానీ షుగర్ అంచున నిలబడ్డ మనిషి దగ్గర కిడ్నీ తీసుకుంటే రేపు ఆమెకే ముప్పు అని ఆసుపత్రివాళ్లు ఒప్పుకోలేదు. ఇన్సులిన్ రెసిస్టెన్స్ రీడింగ్ గ్రాఫ్ మీద ఎర్ర గీత కిందికి దిగాలి, దిగి కొన్నాళ్లు నిలబడాలి అన్నారు.

"నా రక్తం పనికిరాలేదు. కాళ్లయినా పనికొస్తాయేమో చూడండి వదినా," అంది నీలవేణి. ఆ రోజు నుంచీ పొద్దున్నే పట్టీ కట్టుకుని పార్కుకి పోతోంది.

రీడింగ్ దిగింది. ఎర్ర గీత దాకా వచ్చి అక్కడే మొండికేసింది. కారణం షహనాజ్‌కి తెలుసు. నీలవేణి మరీ మెత్తగా నడుస్తోంది. వదినకి ఎక్కడ నొప్పి పుడుతుందోనని అడుగులో అడుగు వేసుకుంటూ పోతోంది. కాస్త గట్టిగా నడవమ్మా అంటే ఒక పూట నడిచేది, మర్నాటికి మళ్లీ మామూలే. ఈలోగా ధనుంజయ మొహం నల్లబడిపోతోంది.

అలాంటిది ఒక రోజు రీడింగ్ గబుక్కున గీత కిందికి దిగింది. ఏం తిన్నారు, ఎంతసేపు పడుకున్నారు అని షహనాజ్ ఆరాలు తీసింది. హైమావతికి అసలు విషయం అప్పటికే అర్థమైంది. ముందురోజు భోజనాల దగ్గర మాటల్లో మాటగా తనే నీలవేణి పుట్టింటివాళ్లని ఎత్తిపొడిచింది. వాళ్లది తెనాలిలో పచ్చళ్ల వ్యాపారం. మీవాళ్లు ఆవకాయలో వేసే ఉప్పు చూస్తే సముద్రం కూడా సిగ్గుపడుతుందే అంది. వదినా మరదళ్ల మధ్య ఇలాంటివి మామూలే, కాకపోతే ఆ రోజు నీలవేణి నవ్వలేదు. పొద్దున్న హైమావతి తొడల మీద ఆ నడక దబదబా పడింది. మరదలిని ఒక మాట అన్నానని డాక్టరుకి చెప్పింది.

గట్టిగా, వేగంగా పనిచేసిన కండరం ఎక్కువ ఖాళీ అవుతుందనీ, ఖాళీ అయినకొద్దీ ఎక్కువ చక్కెర తీసుకుంటుందనీ షహనాజ్ వివరించింది. వివరించి, నవ్వుతూ ఒక మాట అంది.

"మీ మరదలితో ఏమన్నారో గానీ, అదే రోజూ అనండి."

ఆవిడ సరదాకి అంది. ఈవిడ మందు చీటీలా పట్టుకుపోయింది.

నీలవేణికి విషయం చెప్పేయొచ్చు కదా అని మీరనొచ్చు. హైమావతీ ఆలోచించింది. చెబితే అది పకపకా నవ్వుతుంది. నవ్వుకుంటూ నడిచేటప్పుడు దాని అడుగు ఎలా పడుతుందో ఈమె తొడలకి బాగా తెలుసు. తమ్ముడా, మరదలి మనసా అని అడిగితే ఏ అక్క ఏం చెబుతుంది లెండి.

మొదట కాఫీకి వంకపెట్టింది. తరవాత చీరకి. ఆ తరవాత పెళ్లిలో మగపెళ్లివారికి జరిగిన మర్యాద ఎత్తింది. ఒక్కో మాటా నాలుగు రోజులు పనిచేసేది, ఆపైన నీలవేణి తనకి తనే సర్దిచెప్పుకుని మళ్లీ మెత్తబడేది. రీడింగ్ పైకి లేచేది. హైమావతి ఇంకా పెద్ద మాట వెతుక్కోవాల్సి వచ్చేది. చివరికి ఒక ఆదివారం, ధనుంజయ పక్క గదిలో మగతగా పడుకుని ఉండగా, ఆ మాట అనేసింది.

"నీ చేతి కూడు తినబట్టే వాడి కిడ్నీలు పోయాయి."

అది పచ్చి అబద్ధం. అతనిది పుట్టుకతో వచ్చిన జబ్బనీ, తిండికీ దానికీ సంబంధం లేదనీ డాక్టర్లు ఏనాడో చెప్పారు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని విన్నారు కూడా. నీలవేణి చేతిలో గిన్నె కింద పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున నడిచిన నడకకి హైమావతి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఏడ్చింది. నొప్పికి కాదు. ఆ మరదలు తనని అంత అసహ్యించుకుంటూ కూడా తన కోసం నడక మానలేదే అని. రీడింగ్ గీత కిందికి దిగిపోయింది, అక్కడే నిలబడింది. ఆసుపత్రివాళ్లు సరేనన్నారు.

ఆపరేషన్ అయింది. ధనుంజయ మొహంలోకి రంగు వచ్చింది, నోటికి అన్నం రుచి తెలిసింది. కుట్లు మానగానే హైమావతి మరదలిని పక్కన కూర్చోబెట్టుకుని జరిగిందంతా చెప్పేసింది. సాక్ష్యానికి షహనాజ్‌ని కూడా పిలిపించింది. మరదలు ఒక్క ఏడుపు ఏడ్చి తన మీద పడిపోతుందనుకుంది.

నీలవేణి అంతా ఓపిగ్గా విన్నది.

"అన్నీ కావాలనే అన్నారా వదినా?"

"అవునే, నా తమ్ముడి మీద ఒట్టు. మనసులో ఒక్కటీ లేదు."

"ఆయన బతికారు. మీ రుణం నేను తీర్చుకోలేను," అంది నీలవేణి. "కానీ ఏ మాట నాకు ఎక్కడ తగులుతుందో మీరు ఎవరినీ అడగక్కర్లేకపోయింది. పన్నెండేళ్ల నుంచీ అన్నీ మీ దగ్గర సిద్ధంగానే ఉన్నాయి."

లేచి వెళ్లి ఇద్దరికీ కాఫీ కలిపి తెచ్చింది. వదినకి చక్కెర లేకుండా, వేడిగా, ఎప్పటిలాగే.

ఒక్క కిడ్నీతో బతికే మనిషికి షుగర్ రాకూడదు కాబట్టి పట్టీ మానడానికి లేదు. మర్నాడు హైమావతి పట్టీ బిగించుకుని మెత్తటి అడుగు కోసం కాచుకుని కూర్చుంది. తొడల మీద నడక దబదబా పడింది. ఆ మర్నాడూ అంతే. నెలలు గడిచాయి. నీలవేణి పల్లెత్తు మాట అనలేదు. పండక్కి చీర పెట్టింది, జ్వరమొస్తే మిరియాల చారు కాచిపెట్టింది. ఎవరు చూసినా ఇలాంటి మరదలు ఉండాలంటారు. పార్కులో మాత్రం ఆ అడుగు మెత్తబడలేదు.

షహనాజ్ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. తగువులు ఆగిపోయాక కూడా ఫలితం చెక్కుచెదరలేదని తన వ్యాసంలో రాసుకుంది. మొన్న గ్రాఫ్ తెచ్చి చూపించింది. ఎర్ర గీత కింద తిన్నగా, చక్కగా పోతోంది.

"రీడింగ్ ఒక్క పూట కాస్త పైకి లేస్తే ప్రమాదమా డాక్టరు గారూ?" అని అడిగింది హైమావతి.

"ఒక్క పూటకి ఏమీ కాదు. అయినా మీకెందుకు లేస్తుంది? ఇంత బాగున్న రీడింగ్ ఇంకెవరికీ లేదు."

హైమావతి తలూపింది. పొద్దున్నే పట్టీ కట్టుకుని కూర్చున్న ప్రతిసారీ, ఆ రీడింగ్ ఈ రోజైనా కాస్త చెడాలని దణ్ణం పెట్టుకుంటోందని ఆవిడకి చెప్పలేదు.