రావలసిన ఫలితం

పరిచయమే తగాదాతో మొదలైంది.

కేరళలో, తృశూరులోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, నలభై దాటినవారికి ఆరు నెలలు శిక్షణ ఇచ్చి ఉద్యోగంలోకి తీసుకుంటామంది. చేరినవారిలో చివరికి మిగిలినది ఇద్దరే. పదిహేనేళ్లు ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెప్పిన లతిక కోడ్ రాసేది. ప్రెస్సు మూతపడేదాకా ప్రూఫులు దిద్దిన రఘూత్తమన్ టెస్టింగ్ చేసేవాడు.

ఆమె మొదటి ప్రోగ్రాంలో అతను ఇరవై మూడు తప్పులు పట్టాడు. పెద్దవాడన్న మర్యాదతో, అక్కడి వాడుకలో అతన్ని 'చేట్టా' అని పిలిచేది ఆమె.

"ఏం చేట్టా, ఇరవై మూడా? నా స్టూడెంట్ల పేపర్లలో కూడా ఇన్ని దొరికేవి కావు!"

"ఇరవై నాలుగు, టీచర్. ఒకటి మర్యాద కోసం దాచాను."

"ఆ మర్యాదేదో మిగతావాటికీ చూపిస్తే మీ సొమ్మేం పోయేది?"

సాయంత్రం వాన పట్టుకుంది. గొడుగు ఆమె దగ్గరే ఉంది.

"ఆ దాచిందేదో చెబితేనే చోటిస్తా. లేదంటే తడవండి."

"ఫిబ్రవరికి ముప్పై రోజులిచ్చారు."

బస్టాపు చేరేదాకా ఆమె నవ్వుతూనే ఉంది. అతనికి ఆ దారి కూడా ఆ ఫిబ్రవరిలాగే పొడుగ్గా ఉంటే బాగుండుననిపించింది.

ఐదు నెలలు గడిచాయి. ఉద్యోగాన్ని తేల్చే ఆఖరి పని, ఒక పెళ్లిళ్ల బ్యూరో కోసం జాతకాలు కలిపే ప్రోగ్రాం. పరీక్షించడానికి కుజదోషం ఉన్న జాతకం ఒకటి కావలసి వచ్చింది.

"నాదే తీసుకోండి. ఇరవయ్యేళ్లలో పెళ్లిచూపులకు వచ్చినవాళ్లంతా చూసి పారిపోయిన అసలైన సరుకు!" అంది లతిక.

రఘూత్తమన్‌కు నవ్వు రాలేదు. అడగవలసిన మాట ఒకటి అతని గొంతులో ఐదు నెలలుగా ఉంది. ఆమె కాదంటే, గొడుగు కింద చోటు కూడా పోతుంది.

మర్నాడు అతని నివేదిక చదువుతూ లతిక పదకొండో వరుస దగ్గర ఆగిపోయింది. వధువు జాతకం తనదే. వరుడి పుట్టినరోజు, కిందటి నెల రఘూత్తమన్ పాయసం తెచ్చిన తేదీ. రావలసిన ఫలితం: కుదురుతుంది. వచ్చిన ఫలితం: కుదరదు. నిర్ణయం: ప్రోగ్రాంలో తప్పు ఉంది.

పంపేముందు చెరిపేద్దామనుకుని, అతను మరిచిపోయిన వరుస అది.

"చేట్టా, రావలసిన ఫలితం పంచాంగం చూసి రాయాలి కదా? వధువుకి దోషం ఉంది, వరుడికి లేదు. కుదరదనే రావాలి."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఆ ఒక్క గడికి మాత్రం పంచాంగం చూడలేదు, టీచర్."

"మరి దేన్ని చూసి రాశారు?"

"మిమ్మల్ని."

లతిక కీబోర్డు ముందుకు లాక్కుని 'తప్పు లేదు' అని కొట్టింది.

"అంటే... మార్చరా?" అన్నాడు నీరసంగా.

"మార్చను. ఇరవయ్యేళ్లు ఈ దోషానికి భయపడ్డాను. ఇప్పుడు దాన్ని నా చేత్తోనే పద్నాలుగు వరుసల్లో రాశాను. ఎందుకు కాదంటుందో అక్షరం అక్షరం తెలుసు. ఇంకా దానికి భయపడమంటారా?"

కింద మరో వాక్యం చేర్చింది: 'ప్రోగ్రాం సరిగ్గానే ఉంది. ఈ జంటకు దాని సలహా అక్కర్లేదు.'

రఘూత్తమన్ పాత అలవాటుకొద్దీ రెండుసార్లు చదివాడు.

"ఏం, ఇందులో ఎన్ని తప్పులు?"

"ఒక్కటీ లేదు, టీచర్. మొదటిసారి."

"దాచడం లేదు కదా?"

"ఇంక దాచడానికేం మిగల్లేదు."

ఆ సాయంత్రం మళ్లీ వాన పడింది. అతని సంచిలోనూ గొడుగుంది. తీయలేదు.