మాట బరువు తూచే కుర్చీ

2068 నాటికి దక్షిణ బాస్కెట్‌బాల్ లీగ్‌లో సంతకానికి ముందు ఆ కుర్చీలో కూర్చోవడం, అన్నానికి ముందు చేతులు కడుక్కున్నంత మామూలు అయిపోయింది. తలకు పల్చటి వల తొడుగుతారు. మూడు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. ఎదురు గోడ మీద దీపం ఆకుపచ్చగా వెలిగితే ఒప్పందం కాగితం ముందుకు జరుగుతుంది. ఎర్రగా వెలిగితే చిరిగిపోతుంది.

ఆ యంత్రానికి వాగ్దాన దర్శిని అని పేరు. లీగ్ కాగితాల్లో కమిట్‌మెంట్ స్కానర్ అని రాస్తారు. ఆటగాళ్లు మాటకుర్చీ అంటారు. కర్నూలులో లీగ్ కార్యాలయం నాలుగో అంతస్తులో, కిటికీ లేని గదిలో అది ఉంది. దాన్ని తయారుచేసిన డాక్టర్ ఆత్రం జంగుబాయి ఒప్పందాల వారంలో ఇంకెవరినీ దాన్ని ముట్టనివ్వదు.

కుర్చీ ఎందుకు వచ్చిందో చెప్పాలంటే జీతాల గీత గురించి చెప్పాలి. ఏ జట్టూ తన ఆటగాళ్లందరికీ కలిపి ఏడాదికి తొంభై కోట్లు దాటి ఇవ్వకూడదు. ఆ గీత లేకపోతే డబ్బున్న రెండు ఊళ్లే మంచి ఆటగాళ్లందరినీ కొనేస్తాయి, మిగతా పది ఊళ్లు చప్పట్లు కొడుతూ కూర్చుంటాయి. అయితే గీతకు ఒక సందు ఉంది. బయటి ఆటగాణ్ణి తెచ్చుకోవాలంటే గీత లోపల చోటుండాలి. సొంత ఆటగాడికి కొత్త ఒప్పందం ఇచ్చేటప్పుడు మాత్రం గీత దాటవచ్చు. కాబట్టి ముందు బయటివాణ్ణి తెచ్చుకుని, తర్వాత సొంతవాడికి పెంచితే రెండూ దక్కుతాయి. మధ్యలో ఒక ఏడాది సొంతవాడు చవగ్గా ఆడాలి. ఎందుకు ఆడతాడు? ఎవరో చెవిలో ఏదో చెబితేనే ఆడతాడు.

ఆ చెవిలో మాటే నేరం. ఒప్పందంలో రాయని మాట ఎవరూ ఎవరికీ ఇవ్వకూడదు. ఇచ్చినవాడికి జీవితకాల నిషేధం. పుచ్చుకున్నవాడికి మొదటిసారి హెచ్చరిక, రెండోసారి అతనికీ అదే నిషేధం.

దారా ఏలియాకు ఆ హెచ్చరిక ఒప్పందాల వారం చివరి రోజు ఉదయమే వచ్చింది.

ఏలియాది చీరాల దగ్గర వాడరేవు. ముప్పై నాలుగేళ్లు, ఆరడుగుల ఏడంగుళాలు, ఎడమ మోకాలు అరిగిపోయింది. పన్నెండేళ్లలో మూడుసార్లు మారకం అయ్యాడు, అంటే అతన్ని అడగకుండానే ఒక జట్టు ఇంకో జట్టుకు ఇచ్చేసింది. మారకంలో ఇచ్చే జీతాలూ తీసుకునే జీతాలూ దాదాపు సరిసమానంగా ఉండాలన్నది ఇంకో నియమం. వరంగల్ వాళ్లు ఒక పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకోవడానికి అతని జీతాన్ని తూకంరాయిలా తక్కెడలో వేసి కాకినాడకు పంపారు. ఆ సంగతి అతనికి బస్సులో తెలిసింది. పక్క సీటువాడు ఫోన్‌లో చూసి చెప్పాడు.

ఇప్పుడతని ఒప్పందం ముగిసింది. ఎవరితోనైనా చేరవచ్చు. అడిగినవాళ్లు ఇద్దరు. బళ్లారి మేనేజర్ కరిబసప్ప మూడేళ్లకు ఏటా ఎనిమిది కోట్లు ఇస్తానన్నాడు. ఉదయం పది గంటలకు ఆయన కుర్చీలో కూర్చున్నాడు. రెండు నిమిషాలు కాకముందే దీపం ఎర్రబడింది. ఏలియా మోకాలు మధ్యలో దెబ్బతింటే ఆపరేషను, ఆ తర్వాత కోచ్ ఉద్యోగం తానే చూసుకుంటానని మాట ఇచ్చినట్టు ముసలాయన అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. ఇరవై ఏళ్ల ఉద్యోగం పోయింది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మిగిలింది కాకినాడ. సాయంత్రం ఐదింటికి ఒప్పందాల వారం ముగుస్తుంది. ఆ తర్వాత ఈ ఏడాదికి జట్టు లేదు. అరిగిన మోకాలితో ఒక ఏడాది ఇంట్లో కూర్చున్నవాణ్ణి మళ్లీ ఎవరూ పిలవరు.

నాలుగుంపావుకు కాకినాడ మేనేజర్ మానేపల్లి విశ్వంభరం వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో సన్నటి గొలుసు. గదిలోకి వస్తూనే నవ్వాడు.

"ఏవండీ డాక్టరుగారూ, మీ కుర్చీకి దిండు వేయించకూడదూ? నడుం పట్టేస్తోందండి."

"మూడు నిమిషాలే," అంది జంగుబాయి.

ఆమె కాగితం చూసింది. ఏలియాకు ఒక ఏడాది, రెండు కోట్లు. పోయినేడు అతని జీతం పన్నెండు. అదే జట్టు, అదే మనిషి, ఆరో వంతు. పక్క కాగితంలో నాగపూర్ నుంచి వచ్చే ఏడడుగుల కుర్రాడికి పద్దెనిమిది కోట్లు. మిగతా జట్టుకు డెబ్బై. మొత్తం సరిగ్గా తొంభై. ఈ లెక్క వెనక 'వచ్చే ఏడాది పెంచుతాను' అన్న మాట ఉందని వీధిలో టీ అమ్మేవాడు కూడా చెప్పగలడు. కానీ ఊహ సాక్ష్యం కాదు. సాక్ష్యం కుర్చీ చెప్పాలి.

ఏలియా గోడవారగా బల్ల మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఎర్ర దీపం వెలిగితే అతనికిది రెండోసారి.

విశ్వంభరం కుర్చీలో వెనక్కి వాలాడు. దర్శిని అడిగింది. దాని గొంతు ఆడా కాదు, మగా కాదు.

"ఈ ఆటగాడికి రాతలో లేని మాట ఏదైనా ఇచ్చారా?"

"అబ్బే," అన్నాడు విశ్వంభరం.

దర్శిని నోటి జవాబు వినదు. అది వెతికేది వేరు. మనిషి ఒక మాట ఇచ్చి, దాన్ని చెయ్యాలనుకున్నప్పుడు మెదడు ఆ పనిని మోస్తూ ఉంటుంది. ఎప్పుడు చెయ్యాలి, ఎవరితో చెప్పాలి, అడ్డం ఏమొస్తుంది అని లోపల సర్దుకుంటూనే ఉంటుంది. డాక్టర్లు ప్రాస్పెక్టివ్ మెమరీ అంటారు. జంగుబాయి దానికి ముందుజ్ఞాపకం అని పేరు పెట్టింది. దాని బరువు తెర మీద గీతగా వస్తుంది. ఉదయం కరిబసప్ప గీత నిటారుగా లేచింది.

విశ్వంభరం గీత నేల మీద పడుకుంది. ఒకటిన్నర నిమిషం. రెండు. మూడు. కదల్లేదు.

దీపం ఆకుపచ్చగా వెలిగింది.

"చూశావా తమ్ముడూ," అన్నాడు విశ్వంభరం లేస్తూ. "నాగపూర్ వాళ్లకి కబురు చెప్పి వచ్చేస్తాను. ఈలోగా నీ వంతు కానిచ్చెయ్."

తలుపు మూసుకుంది. ఏలియా ముఖం వెలిగిపోయింది. సార్ మనసులో మాటను కుర్చీకి దొరక్కుండా దాచగలిగాడని అతను అనుకుంటున్నాడు. ఆ సంగతి అతని ముఖంలో రాసినట్టు ఉంది.

జంగుబాయి తెర వైపు తిరిగింది. ఆకుపచ్చకు ఆమె సంతోషించాలి. కానీ పడుకున్న గీతను మళ్లీ మొదటి నుంచి చూసింది. మాట ఇచ్చినట్టు తెలుస్తూనే ఉంది. మరి బరువేదీ?

ఆమె మీట నొక్కి, గొంతు తగ్గించి అడిగింది. "దర్శినీ, నీకు నేను నేర్పిన కేసులెన్ని?"

"నూట పన్నెండు. అన్నీ లీగ్ విచారణలో రుజువైనవి."

"వాటిలో ఇచ్చిన మాట నిలబెట్టుకున్నవెన్ని?"

"నూట పన్నెండు."

"నిలబెట్టుకోనివి?"

"ఒక్కటీ లేదు. మాట తప్పితే చేతులు మారేది ఏమీ ఉండదు. చేతులు మారకపోతే రుజువు ఉండదు. రుజువు లేనిదాన్ని మీరు నాకు చూపించలేదు."

ఆమె కుర్చీ వెనక చెయ్యి ఆనించింది. ఆరేళ్ల పని. దొరికిన దొంగల నుంచి నేర్చుకున్న యంత్రం. దొరికినవాళ్లందరూ ఇస్తామన్నది ఇచ్చినందుకే దొరికారు. చెవిలో చెప్పి, ఏడాది తర్వాత ముఖం తిప్పుకున్నవాణ్ణి ఎవరూ ఎన్నడూ పట్టుకోలేదు. మోసపోయినవాడు ఫిర్యాదు చెయ్యలేడు, చేస్తే తనకే శిక్ష. చెయ్యాలని లేని మాటకు బరువుండదు. అలాంటివాళ్లు ఈ ఆరేళ్లలో ఆమె ముందు ఎంతమంది కూర్చుని ఆకుపచ్చతో లేచిపోయారో!

గదిలో కెమెరా ఉంది. ఆటగాడికి కుర్చీ గురించి సలహా ఇస్తే ఆమె ఉద్యోగం పోతుంది. అతను నోరు తెరిచి "సార్ నాకు మాట ఇచ్చారు" అంటే అతని ఆట పోతుంది. ఆమె చెప్పకూడదు. అతను అడగకూడదు.

కానీ ఒక పని ఉంది. ఇద్దరు కూర్చునే మధ్యలో యంత్రాన్ని సరిచూడాలి. అది నియమమే. సరిచూసేవాళ్లు తామే కూర్చుని ఏదో ఒక నిజమైన మాట ఇవ్వాలి, దీపం ఎర్రబడాలి.

"ఏలియా గారూ, యంత్రం సరిచూడాలి. సాక్షిగా మీరు చూడండి."

"అట్టాగే మేడం."

ఆమె వల తొడుక్కుని కూర్చుంది. "రేపు పొద్దున ఆరింటికి మా అక్కకు ఫోన్ చేస్తాను."

దీపం ఎర్రబడింది. రోజూ అక్కడితో లేచేది. ఈసారి లేవలేదు. ఏలియా కళ్లలోకి చూసింది.

"మీ మోకాలికి నేను ఆపరేషన్ చేయిస్తాను. నన్ను నమ్మండి."

ఆకుపచ్చ.

ఏలియా నవ్వబోయాడు. "మీరెందుకు చేయిస్తారు మేడం..." అని ఆగిపోయాడు. దీపం వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. తర్వాత ఉదయం కరిబసప్ప దిగివెళ్లిన మెట్ల వైపు, అవి ఆ గదిలోంచి కనబడకపోయినా, గోడ వైపే చాలాసేపు చూశాడు.

"పొద్దున ఆ పెద్దాయన్ని నేను బూతులు తిట్టాను," అన్నాడు. "నా జీవితం నాశనం చేశావన్నాను."

జంగుబాయి వల విప్పుకుని లేచింది.

"ఏమన్నాడో తెలుసా మేడం? 'తప్పు నాదేనప్పా, ఇంటికెళ్లి అన్నం తిను' అన్నాడు."

నాలుగూ నలభై. తలుపు తీసుకుని విశ్వంభరం వచ్చాడు. "ఏంటీ, ఇంకా కూర్చోలేదా? టైం అయిపోతోంది నాయనా!"

ఏలియా కుర్చీలో కూర్చున్నాడు. కాళ్లు ఎదుటి బల్లకు తగిలితే పక్కకు మడిచాడు. జంగుబాయి అతని తలకు వల తొడిగింది. వెంటనే తెర దగ్గరికి వెళ్లి నిలబడింది. ఎందుకంటే ఆటగాడు కూడా మాట ఇచ్చి ఉంటాడని ఆమెకు తెలుసు. పెద్ద మాటకు బదులుగా చిన్న మాటైనా పుచ్చుకోకుండా విశ్వంభరం వదలడు.

"మీరు రాతలో లేని మాట ఏదైనా ఇచ్చారా?" అంది దర్శిని.

ఏలియా ఇచ్చాడు. ఆపరేషన్ వాయిదా వేసి, ఇంజక్షన్లు వేయించుకుని నలభై ఆటలూ ఆడతానన్నాడు. నొప్పి సంగతి లీగ్ డాక్టర్లకు చెప్పనన్నాడు. అన్నది చేసే మనిషి అతను. పన్నెండేళ్లుగా అతని గురించి అందరూ చెప్పేది అదొక్కటే.

తెర మీద గీత లేచింది. మెల్లగా, మొండిగా లేచింది. పసుపు దాటితే ఎరుపు. ఎరుపంటే ఇంక ఏ మైదానంలోనూ అతని కాలు పడదు. జంగుబాయి బల్ల అంచు పట్టుకుంది. ఏలియా కళ్లు మూసుకున్నాడు. నమ్మకం పోయినంత మాత్రాన మోసే అలవాటు పోదు. అతని మెదడు ఇంకా నలభై ఆటలు లెక్కపెడుతోంది.

ఒక నిమిషం. గీత పసుపు మధ్యకు వచ్చింది.

విశ్వంభరం ఊరికే నిలబడలేని మనిషి. ఫోన్ చూస్తూ నవ్వాడు. "కరిబసప్ప బళ్లారి బస్సు ఎక్కాడటండి. ఇరవై ఏళ్లు చేసి చివరికి ఇలాగ! మాట ఇచ్చినవాడు ఇచ్చి ఊరుకోవాలి గానీ, నెత్తిన పెట్టుకుని తిరిగితే ఎలాగండీ?"

ఏలియా కళ్లు తెరిచాడు. తల కదపలేదు. చూపు మాత్రం విశ్వంభరం మీద పెట్టాడు. చేపల రేవులో తూకం తగ్గించినవాణ్ణి చూసినట్టు చూశాడు.

గీత ఆగింది. కొంచెం వణికింది. తర్వాత నూతిలో పడ్డ చేదలా కిందికి పోయింది. నేలకు అంటుకుని అక్కడే ఉంది.

మూడు నిమిషాలు అయ్యాయి. ఆకుపచ్చ.

"శభాష్!" విశ్వంభరం అతని భుజం చరిచాడు. "మనం మనం ఒకటి తమ్ముడూ. నలభై ఆటలు!"

"నలభై సార్," అన్నాడు ఏలియా. గొంతులో ఏ తేడా లేదు. వల తీసి బల్ల మీద పెట్టి, పెన్ను అందుకుని సంతకం చేశాడు. ఎన్నవ ఆటలో మోకాలు పట్టుకుని కూలబడాలో అప్పటికే అనుకున్నాడేమో, రాసేటప్పుడు చెయ్యి కుదురుగా ఉంది.

ఇద్దరూ కలిసి బయటికి నడిచారు. విశ్వంభరం అతని నడుం చుట్టూ చెయ్యి వేశాడు. ఏలియా కూడా వేశాడు.

నాలుగూ యాభై ఎనిమిది. జంగుబాయి ధ్రువపత్రం ముందుకు లాక్కుంది. రాతలో లేని మాట ఈ గదిలో ఎవరి మనసులోనైనా ఉన్నదా అన్న గడి దగ్గర కాసేపు ఆగింది. లేదు అని రాసింది. ఇచ్చినవాడి మనసులో లేకపోయినా నమ్మినవాడి మనసులో మాట ఉంటుంది, కాబట్టి ఆరేళ్లలో ఆ గడిలో చాలాసార్లు అబద్ధం రాశానని ఆమెకు ఇప్పుడు తెలుసు. ఈసారి రాసింది మాత్రం నిజం. మాట మీద నిలబడే మనిషి ఉదయం ఒకడు మెట్లు దిగి వెళ్లాడు. రెండోవాణ్ణి ఆమే చేతులారా కాపాడింది, ఇంక వాడూ మాట మీద నిలబడే మనిషి కాడు.